క్యాంపర్ పికప్‌కి 265/75 టైర్లు వేస్తే క్రౌన్ పినియన్ కూడా మార్చాలా?

పుంతబండి, అమలాపురం

నమస్కారం అండి. బండి డబుల్ క్యాబ్ డీజిల్ పికప్. 2.5 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు, పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేరు వరస) ఉంది. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కమాన్ కట్టలు. కంపెనీ వేసిచ్చిన టైరు 245/70 ఆర్ 16. బండి పుస్తకంలో ఫస్ట్ గేరు 4.12, ఫిఫ్త్ 0.80, లో రేంజ్ 2.48 అని ఉన్నాయి. యాక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) మాత్రం ఎక్కడా రాయలేదు.

తొట్టిలో ప్లైవుడ్ పడక పెట్టె, 60 లీటర్ల నీళ్లు, స్టవ్వు, రెండో బ్యాటరీ ఉంటాయి. ఇద్దరు మనుషులు, నిండా డీజిల్‌తో కాటా వేయిస్తే ముందు యాక్సిల్ 1,120 కిలోలు, వెనక 1,430 వచ్చింది.

తిరిగేది మూడు రకాల నేల మీద. ఒకటి, వానాకాలంలో మా పుంతలు (పొలాల మధ్య మట్టి దారులు), ఏటిగట్లు, చేపల చెరువుల గట్లు. రెండు, అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక. మూడు, ఏడాదికి రెండు దఫాలు మారేడుమిల్లి ఘాట్ ఎక్కి చింతూరు మీదుగా బస్తర్.

టైర్ల షాపులో 265/75 ఆర్ 16 మడ్ టెర్రైన్ వేయించేయమంటున్నారు. ఇంకొకరేమో అవి వేస్తే బండి లాగదు, ఆ యాక్సిల్ రేషియోని నిర్ణయించే పళ్ల జత, క్రౌన్ పినియన్ మార్చాల్సిందే అంటున్నారు. పినియన్ నిజంగా మార్చాలా? మార్చకుండా ఏ సైజు దాకా వెళ్లొచ్చు? మా జిగట మట్టికి మడ్ టైరా, ఆల్ టెర్రైనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్‌షిమ్, విజయవాడ

ముందు యాక్సిల్ రేషియో తేల్చండి. అది లేకుండా మిగతా లెక్కంతా గాల్లో మేడే.

హౌసింగ్ (క్రౌన్ పినియన్ ఉండే యాక్సిల్ పెట్టె) విప్పక్కర్లేదు. బండిని చదునైన గచ్చు మీద పెట్టి, ముందు చక్రాలకూ వెనక కుడి చక్రానికీ అటూ ఇటూ రాళ్లు వేయండి. ట్రాన్స్‌ఫర్ లివరు టూ హైలో (వెనక చక్రాలకే బలం వెళ్లేది), గేరు న్యూట్రల్‌లో ఉంచండి. వెనక ఎడమ చక్రం ఒక్కటే జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టాకే హ్యాండ్ బ్రేకు వదలండి. టైరు మీద ఒక గీత, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఒక గీత సుద్దముక్కతో గీయండి. ఒకరు లేపిన చక్రాన్ని 20 చుట్లు తిప్పుతుంటే ఇంకొకరు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి, లేచిన చక్రం రెండు చుట్లు తిరిగితే క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అంటే 20 చుట్లకు షాఫ్టు 41 తిరిగితే 4.10, 43 అయితే 4.30, 39 అయితే 3.90. లిమిటెడ్ స్లిప్ ఉన్న హౌసింగయితే చక్రాన్ని ఒంటిగా తిరగనివ్వదు. అప్పుడు వెనక రెండూ లేపి, రెండూ కలిపి 10 చుట్లు తిప్పి లెక్కపెట్టండి.

ప్రస్తుతానికి 4.10 అనుకుందాం. 245/70 ఆర్ 16 ఎత్తు 749 మిల్లీమీటర్లు. 265/75 ఆర్ 16 ఎత్తు 804. తేడా 7.3 శాతం. 4.10ని 1.073తో భాగిస్తే 3.82. అంటే మీరు హౌసింగ్ ముట్టుకోకుండానే 4.10 పినియన్ తీసేసి 3.82 వేసినట్టయింది.

ఇది ఎక్కడ తెలుస్తుంది? లో రేంజ్‌లో అంతగా తెలీదు. 4.12 × 2.48 × 4.10 = 41.9. ఐడిల్ 750 మీద ఫస్ట్ లో బండి గంటకు దాదాపు రెండున్నర కిలోమీటర్లు పాకుతుంది. పెద్ద టైరుతో అది 2.6 అవుతుంది, అంతే. పాత సీజే-3బీ జీపుకు ఫస్ట్ గేరు 2.798, లో 2.46, యాక్సిల్ 5.38. గుణిస్తే 37. దాంతోనే రెండు తరాలు పొలాల్లో తిరిగారు. కాబట్టి 'లో రేంజ్ చచ్చిపోతుంది' అనే మాట పట్టించుకోకండి.

దెబ్బ పడేది హై రేంజ్‌లో. ఘాట్ మీద 7.3 శాతం పోవడమంటే, మీ 2,550 కిలోల బండి మీద ఇంకో 186 కిలోలు వేసుకుని ఎక్కడం. బాగా ఒళ్లున్న ఇద్దరు మనుషులన్నమాట. మూడో గేరులో ఎక్కే మలుపు రెండోకి దిగుతుంది. హైవే మీద 80లో ఇప్పుడు ఫిఫ్త్‌లో సుమారు 1,920 ఆర్‌పీఎం ఉంటే, అది 1,790కి పడిపోతుంది. పడక పెట్టె ఎత్తుకు ఎదురుగాలి తగిలితే ఫిఫ్త్ గేరు ఉత్సవ విగ్రహమే, నాలుగులోనే నడపాలి. అన్నిటికంటే ఎక్కువ అరిగేది క్లచ్చు. హై రేంజ్ ఫస్ట్‌లో లోడుతో గట్టు ఎక్కించేటప్పుడు, రివర్స్‌లో వాలు ఎక్కించేటప్పుడు సగం క్లచ్చు మీద నిలబెడతారు. అక్కడ ఆ ఏడు శాతం కాలిన వాసనగా బయటికొస్తుంది.

స్పీడోమీటరు 80 చూపిస్తే అసలు వేగం 86 దాకా ఉంటుంది. ఓడోమీటరు 10,000 అన్నప్పుడు బండి 10,730 తిరిగుంటుంది. ఆయిల్ ఆ మేరకు ముందే మార్చుకోవాలి. 'మైలేజీ పడిపోయింది' అనుకునే వాళ్లు సగం మంది ఈ తేడా కలుపుకోకుండా లెక్కేసినవాళ్లే.

ఇక పినియన్ మార్చడం. పాత బలం పూర్తిగా తిరిగి రావాలంటే 4.10 × 1.073 = 4.40 కావాలి. ఆ నంబరు దొరకదు. 43/10 పళ్ల సెట్టు 4.30, 41/9 సెట్టు 4.56. మీ మోడల్‌కి ఈ రెండూ తయారై ఉండాలి, ముందు హౌసింగ్‌కీ వెనక హౌసింగ్‌కీ విడివిడిగా దొరకాలి. ముందుది చిన్న కేసు, చాలా పికప్పుల్లో పళ్ల కోత కూడా వేరు. వెనకది దానికి పడదు. వెనక ఒక్కదాన్నే మార్చి, 'ఫోర్ బై ఫోర్ ఎప్పుడో కదా వేసేది' అంటే కుదరదు. 4.30, 4.10 కలిపి ఫోర్ హై వేశారంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక షాఫ్టు వేర్వేరు వేగాలు అడుగుతాయి. బురదలో చక్రం జారి కొంత సర్దుకుంటుంది. గట్టి నేల తగిలిన పది మీటర్లలో ట్రాన్స్‌ఫర్ కేసు చైనో, జాయింటు క్రాసో పోతుంది.

ఇంకో సంగతి మెకానిక్కులు చెప్పరు. రేషియో నంబరు పెరిగేకొద్దీ పినియన్ తల చిన్నదవుతుంది, పళ్లు తగ్గుతాయి, బలమూ తగ్గుతుంది. బరువైన పెద్ద టైరూ చిన్న పినియనూ కలిస్తే ఫస్ట్ లోలో రాయి మధ్య ఇరుక్కున్నప్పుడు పన్ను విరిగేది ఆ జోడీలోనే.

నా లెక్క: 4 శాతం లోపు ఆగితే పినియన్ జోలికి వెళ్లొద్దు. 245/75 ఆర్ 16 ఎత్తు 774, అంటే 3.3 శాతం. 265/70 ఆర్ 16 ఎత్తు 777, అంటే 3.7. ఈ రెండిట్లో ఏదైనా సరే. ఘాట్ మీద పడేది 84 నుంచి 95 కిలోల అదనపు బరువంత. అదీ ఇష్టం లేకపోతే రెండో బ్యాటరీ, అక్కర్లేని సామాను దించండి, సరిపోతుంది.

బోదెగట్టు, భీమవరం

గేర్ల సంగతి షిమ్ గారు చెప్పేశారు, నేను మట్టి సంగతి చెప్తానండి.

పెద్ద టైరు వేస్తే బండి ఎత్తు పెరుగుతుందని అందరూ అనుకునేది. బండి ఎత్తు కాదు, హౌసింగ్ గుడ్డు, అంటే యాక్సిల్ మధ్య ఉబ్బు, దాని ఎత్తు చూడాలి. టైరు ఎత్తు 55 మిల్లీమీటర్లు పెరిగితే గుడ్డు లేచేది అందులో సగం, 27. బొటనవేలి వెడల్పు కంటే కాస్త ఎక్కువ. దానికోసం ఒక్కో చక్రానికి ఐదారు కిలోల అదనపు బరువు, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్ ఫ్లాపుకీ బంపరు మూలకీ రాపిడి, తొట్టి కింద స్టెప్నీ పట్టకపోవడం, ఇవన్నీ కొనితెచ్చుకోవాలి. 245/75తో లేచేది 12 మిల్లీమీటర్లే, ఒప్పుకుంటా. కానీ మన డెల్టాలో రాళ్లెక్కడివి, గుడ్డు తగలడానికి? తగిలేది ట్రాక్టరు గాడి మధ్య మట్టి దిమ్మ. ఆ దిమ్మ 27 మిల్లీమీటర్లు ఆలోచించి ఆగదు. ఆ దారిలో గాడిలో నడపకుండా ఒక చక్రం దిమ్మ మీద, ఒకటి గట్టు అంచున వేసుకు వెళ్లడమే.

ఇక మడ్ టైరు. దాని బటన్ల మధ్య సందు వెడల్పు. చక్రం వేగంగా తిరిగితే ఆ సందులో మట్టి విసిరేసి కొత్త మట్టిని పట్టుకుంటుంది. ఆ వేగం లేకపోతే పట్టు లేదు. మన రేగడి, ఒండ్రు కలిసిన మట్టి తడిస్తే బంకలా పట్టేసుకుంటుంది. గట్టు మీద ఎవరూ చక్రాలు గిర్రున తిప్పి నడపరు కదా, పక్కన కాలవ ఉంటే. నెమ్మదిగా వెళ్తే సందులు నిండిపోయి నాలుగు టైర్లూ నున్నటి పొత్రాలవుతాయి. అప్పుడు మడ్ టైరు మీద పెట్టిన డబ్బంతా మట్టి కింద కప్పబడిపోయినట్టే. పైగా తడిసిన తారు మీద బ్రేకు పట్టు ఆల్ టెర్రైన్ కంటే తక్కువ, చప్పుడెక్కువ. మీరు బస్తర్ వెళ్లొచ్చేదాకా నడిచేది ముప్పాతిక మువ్వీసం తారు రోడ్డే.

మన దగ్గర మట్టిలోనే రెండు రకాలు, టైరు వాటిని బట్టి ఎంచుకోవాలి. పుంతల మీదా, పాత ఏటిగట్ల మీదా పైన నాలుగు వేళ్ల బురద, కింద గట్టి అడుగు ఉంటుంది. అక్కడ సన్నటి టైరు బురదని కోసుకుని అడుగు పట్టుకుంటుంది. వరద తీసిన లంకలో అలా కాదు. పైన ఎండి చీలికలు కొట్టి గచ్చులా కనిపిస్తుంది, కింద పెరుగే. కాలితో తొక్కి చూస్తే పెంకు ఊగుతుంది. అక్కడ అడుగన్నది లేదు, సన్నటి టైరు దిగుతూనే ఉంటుంది. అక్కడ కావాల్సింది వెడల్పూ తక్కువ గాలీ. అది కూడా వర్షం పడితే పనిచెయ్యదు, వెనక్కి రావడమే. దమ్ము చేసిన చేను సంగతి అసలు అనుకోవద్దు. కేజీ వీల్స్ ఉన్న ట్రాక్టరు పని అది.

అందుకని నా ఓటు 245/75 ఆర్ 16 ఆల్ టెర్రైన్‌కి. అందులో రెండు రకాలు వస్తాయి, షాపువాళ్లు ఏది ఉంటే అది అంటగడతారు, చూసుకోండి. సైడ్ వాల్ మీద లోడ్ ఇండెక్స్ 111 ఉన్నది మామూలు రకం, టైరుకు 1,090 కిలోలు. 120/116 ఉన్నది ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం, ఒంటి చక్రానికి 1,400 కిలోలు. మీ వెనక యాక్సిల్ 1,430, అంటే టైరుకు 715. 111తోనే మూడో వంతు మిగులు ఉంది. ఎల్‌టీ సైడ్ వాల్ మందం, గాలి తగ్గించినా పొట్ట రాదు. ఇసుకలో పొట్ట రావడమే కావాలి. పదునైన రాళ్ల దారులు ఎక్కువగా ఉంటే ఎల్‌టీ తీసుకోవచ్చు. మీ వాడకానికి 111 చాలు.

కొనేటప్పుడు సైడ్ వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2224 అంటే 2024లో 22వ వారం. ఐదూ ఒకే ఏడాదివి అడగండి, స్టెప్నీతో కలిపి. నాలుగు కొత్తవి వేసి పాత 245/70ని స్టెప్నీగా ఉంచితే, పంచరైన రోజున ఫోర్ బై ఫోర్ వాడలేరు.

ఏడున్నరపదహారు, రావులపాలెం

ఇద్దరితోనూ సగం ఒప్పుకోనండి. డెల్టాలో నిజంగా పనికొచ్చేది సన్నటి ఎత్తైన టైరు, 7.50-16. ఎత్తు దాదాపు 805, మీరన్న 265/75 అంతే. వెడల్పు మాత్రం రెండంగుళాలు తక్కువ. గట్టి అడుగున్న పుంతలో దానికి మించింది లేదు. టాటా 407 లారీకి పడే టైరది. రాజోలులో పోయినా చింతూరులో పోయినా ఏ పంచరు షాపులోనైనా దొరుకుతుంది, పాతదైనా దొరుకుతుంది. 245/75 ఆల్ టెర్రైన్ చింతూరులో చిరిగితే ఏం చేస్తారు? లారీ పార్సిల్ కోసం రెండ్రోజులు కూచుంటారు.

గేరింగ్ పోతుందంటే పోతుంది, నిజమే. దానికి నడిపే పద్ధతి మార్చుకోవాలి. వాలు కనపడగానే లో రేంజ్ వేసుకుంటే క్లచ్చు ఎందుకు కాలుతుంది? మనవాళ్లకి లో రేంజ్ అంటే దిగబడ్డాక వేసేదని అలవాటు. దిగబడకముందు వేసేదది.

ఆటోనగర్‌షిమ్, విజయవాడ

ఏడున్నర గారి చివరి మాట బంగారం. టైరు విషయం మాత్రం ఈ బండికి కాదు.

7.50-16 మామూలుగా ట్యూబ్ టైరు. ట్యూబ్ టైరులో గాలి బాగా తగ్గించి ఇసుకలోకి వెళ్తే టైరు రిమ్ము మీద జరుగుతుంది, ట్యూబ్ దాంతో జరుగుతుంది, వాల్వు రిమ్ము రంధ్రం దగ్గరే ఉండిపోయి మొదట్లో తెగుతుంది. అంతర్వేది ఇసుకలో అదీ మీ పని. రెండు, 407 టైరు 16 ప్లై, లారీ బరువు కోసం చేసింది. టైరుకు 715 కిలోల బండి కింద అది చెక్క చక్రమే, పొట్ట రాదు, పట్టు రాదు, కమాన్ కట్టలు మాత్రం అరుస్తాయి. మూడు, మీ బండి 16 రిమ్ముకీ ఈ టైరు రిమ్ముకీ వెడల్పు వేరు, నాలుగు రిమ్ములూ మార్చాలి. హబ్బు, బ్రేకు క్యాలిపర్ పట్టే రిమ్ము వెతకాలి. పాత లీఫ్ స్ప్రింగ్ జీపులకి 7.50-16 పెట్టిన రోజులు వేరు, అప్పుడు 4.88, 5.38 యాక్సిల్స్ ఉండేవి.

ఇంకోటి, పుంతబండి గారూ. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నదానికీ తయారీ కొలతలకీ తేడా వచ్చే మార్పుని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కంపెనీ అదే మోడల్‌లోని వేరే వేరియంట్‌కి ఇచ్చిన సైజుల పట్టిక సర్వీసు సెంటర్లో అడిగి, అందులోది తీసుకోవడం అన్నిటికన్నా మేలు. ఇన్సూరెన్సు క్లెయిమ్ రోజున ఆ కాగితం పనికొస్తుంది.

పుంతబండి, అమలాపురం

సుద్దముక్క లెక్క తేలిందండి. 20 చుట్లకి షాఫ్టు 41. రెండుసార్లు లెక్కపెట్టాం. 4.10 ఖాయం.

245/75 ఆల్ టెర్రైన్, 111 లోడ్ ఇండెక్స్‌కి మనసు కుదిరింది. గాలి ఎక్కడ ఎంత ఉండాలో పాయింట్లలో (పీఎస్ఐ) చెప్తారా? సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని నది దాటించే పడవ) ఎక్కించేటప్పుడు ఏ రేంజ్ వాడాలి? వెనక డిఫ్ లాక్ (రెండు చక్రాలనీ కలిపి తిప్పే లాకు) పెట్టించుకోమని కూడా ఒకరంటున్నారు, మన గట్ల మీద పనికొస్తుందా?

బోదెగట్టు, భీమవరం

ఈ బరువుకి, ఈ టైరుకి, చల్లగా ఉన్నప్పుడు, తారు మీద: ముందు 32, వెనక 37. ఇది మొదలు మాత్రమే. సరిచూసుకునే పద్ధతి ఉంది. పొద్దున్నే చల్లగా కొలిచి, గంటసేపు హైవే మీద నడిపి, ఆగిన వెంటనే మళ్లీ కొలవండి. నాలుగు పాయింట్లు పెరిగితే సరిగ్గా ఉంది. అంతకంటే ఎక్కువ పెరిగితే మొదట గాలి తక్కువైంది, టైరు ఒళ్లు ఎక్కువ ఊగి వేడెక్కుతోంది. రెండే పెరిగితే ఎక్కువ కొట్టారు. ఎల్‌టీ టైరయితే ఆరు పెరగడం మామూలు.

గ్రావెల్ రోడ్డు, గుంతల రోడ్డు: ముందు 26, వెనక 30. గంటకు 60 దాటొద్దు.

తడిసిన పుంత, గట్టు, కింద అడుగు గట్టిగా ఉన్నచోట: ముందు 24, వెనక 28. ఇంకా తగ్గిస్తే టైరు అడుగుకి దిగదు, బురద మీద తేలి పక్కకి జారుతుంది. గట్టు మీద పక్కకి జారడమే ప్రమాదం.

ఇసుక: ముందు 16, వెనక 18. 25 కిలోమీటర్ల వేగం లోపు, స్టీరింగ్ మెత్తగా. 14 కంటే కింద వద్దు. అంత తక్కువ గాలితో గభాల్న తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడుతుంది. అక్కడ దాన్ని మళ్లీ కూర్చోబెట్టడం మాటలు కాదు.

గాలి తగ్గిస్తే టైరు వెడల్పవుతుందని అందరూ అనుకుంటారు. వెడల్పు పెరిగేది కొంచెం. పెరిగేది పొడవు, నేల మీద ఆనే మేర ముందుకీ వెనక్కీ సాగుతుంది, ట్రాక్టరు గొలుసులాగ. నమ్మకం లేకపోతే గచ్చు మీద తడి టైరు అచ్చు 36లో ఒకసారి, 18లో ఒకసారి తీసి చూడండి. గేజీ పాడైనా టేపుతో సరిపెట్టుకోవచ్చు. రిమ్ము కింది అంచు నుంచి నేలకి తారు మీద ఎంతుందో రాసుకోండి. ఇసుకలో అందులో ముప్పావు ఉండేలా గాలి వదిలితే చాలు. 160 మిల్లీమీటర్లుంటే 120.

దించిన గాలి మళ్లీ కొట్టుకోవాలి, అక్కడే అందరూ బద్ధకిస్తారు. 18 పాయింట్లతో తారు ఎక్కి ఓ ముప్పై కిలోమీటర్లు పోతే సైడ్ వాల్ లోపల తాళ్లు విరుగుతాయి. పైకి ఏమీ కనపడదు, తర్వాత నెలలో హైవే మీద పేలుతుంది. 12 వోల్టుల కంప్రెసరు కొనండి, నిమిషానికి 70 లీటర్ల రకం. నాలుగు టైర్లకి పది పదిహేను నిమిషాలు. క్లిప్పులు నేరుగా బ్యాటరీకి తగిలించేది కావాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేది తీసుకుంటే రెండో టైరుకే ఫ్యూజు పోతుంది. ఇంజను ఆన్‌లో ఉంచి కొట్టండి.

మడ్ టైర్లకీ వీటికీ తేడా డబ్బుతో కంప్రెసరూ, మంచి గేజీ, రెండు శాండ్ ట్రాక్ పలకలూ వచ్చేస్తాయి. పలకలు లేని రోజున కొబ్బరి మట్టలు. ఈనె వైపు టైరు కిందకి, అడ్డంగా, రెండు వరసలు. ఎండు మట్ట విరిగి ఎగురుతుంది, పచ్చిమట్ట కొట్టుకోండి. వరిగడ్డి మాత్రం తడిస్తే సబ్బే.

ఏడున్నరపదహారు, రావులపాలెం

ట్యూబ్ సంగతి ఒప్పుకుంటా షిమ్ గారూ. ఇసుక లేనివాడికే నా టైరు.

డిఫ్ లాక్ సంగతి నేను చెప్తా. గట్టు ఎప్పుడూ చదును కాదు, మధ్య ఉబ్బి రెండు వైపులా వాలు ఉంటుంది. వానకి వాలు వైపు చక్రం జారుతుంది. లాక్ లేకపోతే, జారే చక్రం ఒక్కటే తిరుగుతుంది, రెండోది ఊరికే దొర్లుతూ బండి తోకని గట్టు మీద పట్టి ఉంచుతుంది. బండి ముందుకి పోదు, అంతే, పక్కకీ పోదు. లాక్ వేస్తే వెనక రెండు చక్రాలూ ఒకేసారి జారతాయి. అలా జారే యాక్సిల్‌కి పక్క పట్టు ఉండదు. తోక నెమ్మదిగా కాలవ వైపు దిగుతుంది. మీరు యాక్సిలరేటర్ వదిలేలోపు వెనక చక్రం అంచు దాటుతుంది. కాబట్టి పక్కవాలున్న చోట లాక్ వెయ్యొద్దు. ఒక చక్రం గుంతలో గాల్లో లేచినప్పుడు, నేరుగా ఎక్కే రేవు వాలు మీద, ఇసుకలో, లాక్ దేవుడే. కానీ ఇంతకీ మీకు కావాలా? కంపెనీ ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే ముందు అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడండి. పెట్టించుకుంటే మాత్రం స్విచ్చుతో వేసే రకమే, దానంతట అది పట్టేసే రకం గట్లకి పనికిరాదు.

పంటు సంగతి. పాటులో నీళ్లు దిగినప్పుడు రేవు వాలు నిటారు అవుతుంది, ఇసుకా పాచీ ఉంటాయి. ఫోర్ లో, ఫస్ట్ లేదా సెకండ్. హై రేంజ్ ఫస్ట్‌లో 1,000 ఆర్‌పీఎం దగ్గర బండి గంటకు 8 కిలోమీటర్లు పోతుంది. పలక ఎక్కించడానికి అది ఎక్కువ, అందుకే క్లచ్చు సగం నొక్కుతారు. లో రేంజ్ ఫస్ట్‌లో అదే ఆర్‌పీఎంకి 3.3, క్లచ్చు పూర్తిగా వదిలేసి ఎక్కించొచ్చు. పలక ఎక్కేదాకా స్టీరింగ్ నేరుగా ఉంచండి. పంటు మీదికి వచ్చాక పొడి రేకు మీద ఫోర్ లోలో తిప్పి సర్దాలని చూస్తే బండి కుదుపుతుంది, గొణుగుతుంది. అది ముందు వెనక షాఫ్టులు మెలికపడటం. నేరుగా ఆపి, టూ హై వేసి, అప్పుడు తిప్పండి. లివరు రాకపోతే బలవంతం వద్దు, మీటరు వెనక్కి మీటరు ముందుకి కదిపితే మెలిక వదిలి అదే వస్తుంది.

ఉప్పుగాలి, ఓడలరేవు

అందరూ టైర్లూ గేర్లూ చెప్పారు, ఉప్పు సంగతి ఎవరూ అనలేదండి.

నడుపుతున్నప్పుడు హౌసింగ్ వేడెక్కుతుంది. అదే వేడితో ఉప్పుటేరు నీళ్లలో దిగితే లోపల గాలి ఒక్కసారి చల్లబడి ముడుచుకుంటుంది, సీల్ సందులోంచో బ్రీదర్ (హౌసింగ్ గాలి పీల్చే రంధ్రం) లోంచో ఉప్పునీళ్లు పీల్చుకుంటుంది. తర్వాత డ్రెయిన్ ప్లగ్గు విప్పితే ఆయిల్ పాలటీ రంగులో వస్తుంది. అలా వచ్చిన ఆయిల్‌తో వారం నడిపితే పినియన్ బేరింగు పోయినట్టే. బ్రీదర్‌కి ఆయిల్ తట్టుకునే రబ్బరు గొట్టం తగిలించి, వెనకది తొట్టి అంచు దాకా, ముందుది ఇంజను బే పైభాగం దాకా తీసుకెళ్లి, చివర చిన్న ఫిల్టరు పెట్టండి. గొట్టం మధ్యలో కిందకి వేలాడే వంపు ఉండకూడదు, అక్కడ నీళ్లు నిలిచి దారి మూస్తాయి. నీళ్లలో దిగేముందు పది నిమిషాలు ఆగండి. తిరిగొచ్చాక రెండు హౌసింగ్‌ల ప్లగ్గులూ కొంచెం వదులు చేసి మొదటి చుక్కలు చూడండి, నీళ్లుంటే ముందు అవే కారతాయి. మార్చేది 80డబ్ల్యూ-90 జీఎల్-5. లిమిటెడ్ స్లిప్ అయితే దానికి చెప్పిన ఆయిలే.

ఇసుక నుంచి వచ్చిన రోజునే కింద మంచినీళ్లతో కడగాలి. బ్రేకు పైపులు, స్టెప్నీ వేలాడే గొలుసు, రిమ్ము లోపలి అంచు. రిమ్ము లోపల టైరు అంచు కూర్చునే చోట తుప్పు పొర కడితే ట్యూబ్‌లెస్ టైరు రోజుకో పాయింటు గాలి దిగుతుంది. మీరు పంచరు వెతుక్కుంటూ ఉంటారు. అది పంచరు కాదు. టైరు విప్పి వైరు బ్రష్షుతో గీకి, ప్రైమరు కొట్టి వెయ్యాలి.

ఇసుకలో దిగేది పాటు తీస్తున్నప్పుడు, పోటు మొదలవ్వకముందే బయటికి. నది మూలకీ కాలవ నోటికీ వందగజాల దూరం, అక్కడ పైన ఇసుక కింద ఒండ్రు ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు అసలు దిగొద్దు, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం.

పుంతబండి, అమలాపురం

చాలా ఉపకారం అండి. 245/75 ఆల్ టెర్రైన్ ఐదు, కంప్రెసరు, రెండు బ్రీదర్ గొట్టాలు రాసుకున్నా. పినియన్ ముట్టుకోవట్లేదు. ఒక్క సందేహం. ఐదో టైరుని కూడా తిప్పుతూ వాడాలా, స్టెప్నీగా పడి ఉండనివ్వాలా?

ఆటోనగర్‌షిమ్, విజయవాడ

తిప్పాలి. 8,000 కిలోమీటర్లకోసారి. వెనక రెండూ నేరుగా ముందుకి, ముందు కుడిది వెనక ఎడమకి, ముందు ఎడమది స్టెప్నీకి, స్టెప్నీ వెనక కుడికి. ప్రతిసారీ ఇదే వరస. అరుగుదల గేజీతో కొలిచి టైరు నంబరుతో పుస్తకంలో రాయండి. ముందూ వెనకా మధ్య 3 మిల్లీమీటర్ల తేడా వస్తే టైరు ఎత్తులో 6 మిల్లీమీటర్లు, దాదాపు ఒక శాతం. పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌కి అది చిన్న పినియన్ తేడా కిందే లెక్క.

బిగించిన 50 కిలోమీటర్లకి వీల్ నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూసుకోండి. షాపులో ఎయిర్ గన్నుతో బిగించి పంపిస్తారు. తొట్టి కింద స్టెప్నీ వించి గొలుసు కొత్త టైరు సైజుకి సరిపోయేలా పైకి పూర్తిగా లాగి, చేత్తో ఊపి చూడండి. ఊగితే గుంతల్లో గొలుసు తెగి టైరు కింద పడుతుంది.